‘మెలే’ అంటే ఏమిటి? కలగలిసిన పోరును చెప్పే ఒక ఆంగ్ల పదం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

‘మెలే’ అనే మాటకు క్లుప్తమైన అర్థం ఏమిటి?

చాలామంది ఒకేచోట కలబడి, ఎవరు ఎవరిని కొడుతున్నారో, ఎవరు ఎవరి పక్షమో తెలియని స్థితిలో సాగే పోరును ఆంగ్లంలో ‘మెలే’ అంటారు. ఇందులో మూడు విషయాలు కలిసి ఉండాలి. పోరాడేవారు అనేకులై ఉండాలి, వారి మధ్య దూరం లేకుండా పోవాలి, వరుసలూ పక్షాలూ చెదిరిపోవాలి. ఈ మూడింటిలో చివరిదే ఈ పదానికి ప్రాణమని నా అభిప్రాయం. దెబ్బల తీవ్రతను చెప్పడానికి ఆంగ్లంలో వేరే మాటలు ఎన్నో ఉన్నాయి. ఈ మాట చెప్పేది మనుషులు ఒకరిలో ఒకరు కలిసిపోయి, హద్దులు చెరిగిపోయిన తీరును. కింద వివరించే వ్యుత్పత్తి కూడా ఈ అభిప్రాయాన్నే బలపరుస్తుంది.

పోరుతో సంబంధం లేని గుంపుల గందరగోళానికి కూడా ఈ మాటను అలంకారికంగా వాడతారు. తలుపులు తెరవగానే జనం ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయిన సందర్భాన్నీ, ఒకరి మాట ఒకరికి వినబడనంతగా అందరూ కలిసి వాదించుకున్న సభనూ వర్ణించడానికి ఆంగ్ల పత్రికలు దీన్ని వాడటం కనిపిస్తుంది.

దీన్ని ఎలా పలకాలి? ‘మెలీ’ అనవచ్చా?

ఆంగ్ల అక్షరాలలో చివర రెండు ‘ఈ’లు వరుసగా ఉండటం వల్ల తెలుగువారిలో చాలామంది మొదటిసారి దీన్ని ‘మెలీ’ అని చదువుతారు. బ్రిటన్‌లో మొదటి అక్షరాన్ని ఊనికతో, హ్రస్వంగా ‘మెలే’ అని పలుకుతారు. అమెరికాలో ఎక్కువగా ‘మేలే’ అంటారు, కొందరు ఊనికను రెండో అక్షరం మీద ఉంచుతారు. వజ్రాల వ్యాపారంలో మాత్రం ‘మెలీ’ అనే పలుకుబడి ఉంది. ఆ సంగతి మరో ప్రశ్న కింద వస్తుంది.

ఈ పదం ఎక్కడ పుట్టింది?

దీని మూలం లాటిన్‌లోని ‘మిస్కేరే’ అనే క్రియ. దాని అర్థం కలపడం. రోమన్ సామ్రాజ్యపు చివరి శతాబ్దాలలో సామాన్యులు మాట్లాడుకున్న లాటిన్‌లో దీని నుంచి ‘మిస్కులారే’ అనే రూపం ఏర్పడిందని భాషా శాస్త్రవేత్తలు నిర్ధారించారు. అది పాత ఫ్రెంచిలో ‘మెస్లేర్’ అయింది. ఆ క్రియకు భూతకాల విశేషణ రూపం ‘మెస్లే’, అంటే ‘కలిపినది, కలిసిపోయినది’ అని అర్థం. ఫ్రెంచివారు దాన్నే నామవాచకంగా చేసుకుని, రెండు పక్షాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే పోరుకు పేరుగా పెట్టారు. కాబట్టి ఈ పదం పుట్టుకలో కత్తి గానీ, దెబ్బ గానీ, రక్తం గానీ లేవు. ఉన్నది కలయిక ఒక్కటే.

ఆంగ్లంలోకి నేటి రూపంలో ఇది 17వ శతాబ్దం నడుమ వచ్చింది. అయితే ఆంగ్లం ఇదే పదాన్ని అంతకు మూడున్నర శతాబ్దాల ముందే ఒకసారి తెచ్చుకుంది. ఆ విషయం విడిగా చెప్పుకోదగినది.

ఫ్రెంచిలో రాసేటప్పుడు మొదటి ‘ఈ’ మీద టోపీ వంటి గుర్తు ఎందుకు పెడతారు?

ఆ టోపీ గుర్తు, పోయిన ‘స’కారానికి జ్ఞాపకం. ‘మెస్లే’లోని ‘స్’ ఉచ్చారణలో ఏనాడో లోపించినా, రాతలో చాలాకాలం నిలిచింది. 1740లో వెలువడిన ఫ్రెంచి అకాడమీ నిఘంటువు మూడో కూర్పు ఇటువంటి మూగ ‘స’కారాలను చాలా పదాలలో తొలగించి, వాటి స్థానంలో ఈ గుర్తును స్థిరపరచింది. ఆంగ్లంలో ‘ఫారెస్ట్’, ‘హాస్పిటల్’ అనే మాటలలో ‘స్’ వినబడుతుంది, వాటి ఫ్రెంచి రూపాలలో ‘స్’ ఉండవలసిన చోట టోపీ కనబడుతుంది. ‘మెలే’ కథ కూడా అదే. ఆంగ్లంలో రాసేటప్పుడు ఈ గుర్తులు పెట్టినా, పెట్టకపోయినా తప్పు లేదు. నేటి వాడుకలో గుర్తులు లేని రూపమే ఎక్కువ.

‘మెడ్లీ’ అనే మాటకూ దీనికీ సంబంధం ఉందా?

సంబంధం మాత్రమే కాదు, రెండూ మొదట ఒకే పదం. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1066 తరువాత ఇంగ్లండ్‌ను ఏలిన నార్మన్ ప్రభువులు మాట్లాడిన ఫ్రెంచిలో ‘స్ల’ అనే సంయుక్తాక్షరం ‘డ్ల’గా మారే అలవాటు ఉండేది. పారిస్ ప్రాంతంలో ‘మెస్లే’ అన్నదాన్ని వారు ‘మెడ్లే’ అన్నారు. సుమారు 1300 నాటికి అది ఆంగ్లంలో చేరింది. అప్పుడు దాని అర్థం చేతికి చేయి తగిలేంత దగ్గరి పోరు. తరువాతి కాలంలో పోరు అనే అర్థం వెనక్కి తగ్గి, మూలంలో దాగి ఉన్న ‘కలయిక’ అనే అర్థం పైకి వచ్చింది. 15వ శతాబ్దంలో ‘మెడ్లీ’ అంటే రకరకాల వస్తువుల కలగలుపు, 17వ శతాబ్దంలో అనేక పాటల ముక్కలను గుదిగుచ్చిన సంగీతరచన. నేడు ఈత పోటీలలో బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ అనే నాలుగు పద్ధతులనూ కలిపి ఈదే పందేన్ని కూడా ‘మెడ్లీ’ అంటున్నారు. ఆ ఈతగాళ్లు పలికే పేరు ఒకప్పుడు కత్తులు దూసిన మనుషుల పెనుగులాటకు చెందినది.

‘మెడ్లీ’ ఇలా శాంతించిన తరువాత, కలగలిసిన పోరుకు సరిపోయే ఒక మాట ఆంగ్లానికి మళ్లీ అవసరమైంది. అప్పుడు ఆంగ్లం ఫ్రెంచి వాకిటికే తిరిగి వెళ్లి, అదే పదాన్ని కొత్త రూపంలో మరోసారి అడిగి తెచ్చుకుంది. ఒకే మాటను రెండుసార్లు అరువు తెచ్చుకుని, రెండింటినీ వేర్వేరు పనులకు వాడుకోవడం భాషలలో అప్పుడప్పుడు జరిగే విషయమే అయినా, ఇంత స్పష్టమైన ఉదాహరణ దొరకడం అరుదు.

పాత అర్థం వెంటనే పూర్తిగా చచ్చిపోలేదు కూడా. ఇంగ్లండ్ న్యాయశాస్త్రంలో ‘చాన్స్ మెడ్లీ’ అనే పారిభాషిక పదం ఉండేది. ముందస్తు పథకం లేకుండా, అనుకోకుండా రేగిన పోట్లాటలో ఒకరి ప్రాణం పోతే, దాన్ని హత్యకు సమానంగా చూడకుండా ఈ పేరుతో విడిగా పరిగణించేవారు. 1949లో ఒక తీర్పులో అక్కడి న్యాయస్థానం ఈ సిద్ధాంతానికి నేటి చట్టంలో చోటు లేదని స్పష్టం చేసింది. స్కాట్లాండ్ పాత చట్టంలోనూ ఇటువంటి విభజనే ఉండేది. అక్కడ దాని పేరు ‘చౌడ్‌మెల్లా’. ‘వేడి మీది పోట్లాట’ అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి వచ్చిన ఈ పదం, ముందుగా ఆలోచించి చేసిన నేరానికి ఎదురుగా నిలిచేది.

ఈ కుటుంబానికి చెందిన ఇతర ఆంగ్ల పదాలు ఏవి?

‘మిక్స్’, ‘మిసలేనియస్’ అనేవి చూడగానే తెలిసిపోతాయి. ఇతరుల వ్యవహారంలో తలదూర్చడం అనే అర్థం గల ‘మెడల్’ కూడా ‘మెడ్లీ’కి తోబుట్టువే. ఆ మాటకు తొలి అర్థం కలపడమే, పరుల సంగతులలో తనను తాను కలుపుకోవడం అనే అర్థం తరువాత వచ్చింది. బహుమతిగా ఇచ్చే పతకం పేరుకూ దీనికీ సంబంధం లేదు. మిశ్రమ సంతతిని సూచించే స్పానిష్ ‘మెస్తీసో’, ఫ్రెంచి ‘మెతీ’ అనేవి కూడా ఈ లాటిన్ మూలం నుంచే వచ్చాయి.

‘పెల్‌మెల్’ అనే మాటను ప్రత్యేకంగా చెప్పాలి. వెనకాముందూ లేకుండా, ఒకరి మీద ఒకరు పడుతూ అనే అర్థం గల ఈ మాట ఫ్రెంచి ‘పెల్ మెల్’ నుంచి వచ్చింది. రెండో ముక్క మన పదపు క్రియే, మొదటి ముక్క అంత్యప్రాస కోసం జోడించినది. తెలుగులో ‘కలగాపులగం’ అన్నప్పుడు చెవికి కలిగే అనుభవం వంటిదే అందులోనూ ఉంది. లండన్‌లోని ‘పాల్ మాల్’ వీధి పేరుకు మాత్రం దీనితో చుట్టరికం లేదు. అది బంతినీ కొయ్య సుత్తినీ వాడి ఆడిన ఒక పాత ఆట పేరు.

తెలుగులోని మేళా, మేళనం, మేళవింపు అనే మాటలు ‘మెలే’కు బంధువులా?

కాదు. ధ్వనిలోనూ, కలయిక అనే భావంలోనూ ఇంత దగ్గరగా ఉండటం వల్ల ఈ సందేహం కలగడం సహజమే. అయితే మేళనం మొదలైనవి సంస్కృతంలో ‘కలుసుకోవడం’ అనే అర్థం గల ‘మిల్’ ధాతువు నుంచి వచ్చాయి. ‘మెలే’లోని ‘ల’కారానికి ముందు ఒకప్పుడు ‘స్’ ఉండేదని, దానికి ముందు లాటిన్‌లో ‘స్క్’ ఉండేదని పైన చూశాము. ఆ పాత రూపాలను పక్కన పెట్టుకుని చూస్తే ఈ పోలిక యాదృచ్ఛికమని అర్థమవుతుంది.

నిజమైన చుట్టం వేరే ఉంది. అది ‘మిశ్రమం’. సంస్కృతంలోని ‘మిశ్ర’, లాటిన్‌లోని ‘మిస్కేరే’, గ్రీకులో కలపడం అనే అర్థం గల ‘మిగ్నూమి’ అనేవి ఇండో యూరోపియన్ మూలభాషలోని ఒకే ధాతువు నుంచి చీలినవని తులనాత్మక భాషాశాస్త్రం అంగీకరించింది. ‘మెలే’, ‘మిశ్రమం’ అనే మాటలను విన్న చెవికి ఈ బంధుత్వం తోచదు. చెవికి బంధువులుగా తోచినవి పరాయివి కావడం, పరాయివిగా తోచినవి రక్తసంబంధులు కావడం వ్యుత్పత్తి శాస్త్రంలో అడుగడుగునా ఎదురవుతుంది. అందుకే ధ్వని పోలికను మాత్రమే నమ్మి పదాల పుట్టుకను నిర్ణయించడం ప్రమాదకరం.

కలపడం అనే అర్థం నుంచి కొట్లాట అనే అర్థం ఎలా వచ్చింది?

ఈ మార్పు ఫ్రెంచివారు కొత్తగా కనిపెట్టినది కాదు. ఇలియడ్‌లో హోమర్ దగ్గరి పోరును చెప్పేటప్పుడు చేతులనూ బలాన్నీ ‘కలపడం’ అనే క్రియనే వాడాడు. లాటిన్ కవి వర్జిల్ కొమ్ములతో తలపడే ఎద్దులను వర్ణిస్తూ అవి పోరును ‘కలుపుతున్నాయి’ అన్నాడు, అక్కడి క్రియ సాక్షాత్తూ ‘మిస్కేరే’. అంటే దూరంగా నిలిచి బాణమో రాయో విసిరే పోరుకూ, శరీరాలు ఒకదానికొకటి తగిలే పోరుకూ ఉన్న తేడాను చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ప్రాచీన కవులకు తట్టిన మాట కలయికే.

తెలుగు దీనికి మరింత దగ్గరి సాక్ష్యం ఇస్తుంది. ‘కలబడు’ అంటే ఎదిరితో చేయి చేయి కలిపి పోరాడటం. ఆ మాటలో ఉన్నది కలయిక, కలుపు, కలగలుపు అనే మాటలలో ఉన్న ‘కల’యే. ఏ లాటిన్ ప్రభావమూ లేకుండా, ఏ ఫ్రెంచి పదాన్నీ చూడకుండా, తెలుగువారు కూడా కలయిక నుంచే కొట్లాటకు మాట చేసుకున్నారు. అందుచేత తెలుగు పాఠకుడికి ‘మెలే’ను వివరించడానికి పొడవైన నిర్వచనం అక్కరలేదు, ‘కలబడటం’ అన్న ఒక్క మాటతో దాని ఆత్మ పట్టుబడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘కలహం’ సంస్కృత పదం, దానికీ తెలుగు ‘కల’కూ సంబంధం కల్పించకూడదు.

మధ్యయుగాల వీరుల పోటీలతో ఈ పదాన్ని ఎందుకు ముడిపెడతారు?

టోర్నమెంటు అనగానే నేడు చాలామందికి కంచెకు అటూ ఇటూ గుర్రాల మీద ఎదురెదురుగా దూసుకువచ్చి ఈటెలతో పొడుచుకునే ఇద్దరు వీరుల చిత్రం కళ్లముందు కదులుతుంది. అది తరువాతి కాలపు రూపం. 12వ శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్సులో వర్ధిల్లిన టోర్నమెంటులో అసలు ఘట్టం సామూహిక పోరు, దానినే చరిత్రకారులు ‘మెలే’ అంటారు. వందలాది అశ్వవీరులు రెండు జట్లుగా చీలి, ఊళ్ల నడుమ మైళ్ల కొద్దీ పరుచుకున్న పొలాలలో, తోటలలో తలపడేవారు. చంపడం లక్ష్యం కాదు. ఎదుటివాణ్ణి పట్టుకుని, అతని గుర్రాన్నీ కవచాన్నీ స్వాధీనం చేసుకుని, విడుదలకు సొమ్ము రాబట్టుకోవడం లక్ష్యం. అలసినవారు ఊపిరి పీల్చుకోవడానికి, ఎవరూ తాకకూడని ఆశ్రయ స్థలాలు విడిగా ఉండేవి.

ఈ పోటీలలో పేరు మోసినవాడు విలియం మార్షల్. తండ్రి ఆస్తిలో చెప్పుకోదగిన వాటా లేని చిన్న కొడుకుగా బయలుదేరి, ఇంగ్లండ్ రాజ్యానికి రాజప్రతినిధి అయి, 1219లో మరణించాడు. ఆయన మరణించిన కొద్ది ఏళ్లకే ఆయన జీవితం మీద పాత ఫ్రెంచిలో ఒక పద్యకావ్యం వెలువడింది. ఆయనా, మరో వీరుడూ భాగస్వాములుగా చేరి ఏడాది కూడా నిండకుండానే 103 మంది వీరులను పట్టుకున్నారని అందులో ఉంది. మరోచోట, బహుమతి ఇవ్వడానికి ఆయన కోసం వెతికినవారికి ఆయన కమ్మరి కొలిమి దగ్గర, దాగలి మీద తల ఆనించి కనిపించాడని ఉంది. దెబ్బలకు సొట్టలు పడిన శిరస్త్రాణం తలకు బిగుసుకుపోవడంతో కమ్మరి దాన్ని సుత్తితోనూ పట్టకారుతోనూ ఊడదీస్తున్నాడట. ఆ పోరులో దెబ్బలు ఎన్ని దిక్కుల నుంచి పడేవో ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

ప్రమాదం నిజమైనదే. 1130లో క్లెర్మాంట్‌లో జరిగిన మతసభ ఈ పోటీలను నిషేధించింది. ఇందులో మరణించినవారికి క్రైస్తవ శ్మశానంలో చోటు ఇవ్వరాదని శాసించింది. ఆ నిషేధాన్ని 1316లో పోప్ జాన్ 22 ఎత్తివేసే వరకు, దాన్ని పట్టించుకున్నవారు తక్కువే. 1194లో ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ అయితే ఐదు స్థలాలలో టోర్నమెంటులకు అనుమతి ఇచ్చి, పాల్గొనేవారి హోదాను బట్టి రుసుము విధించాడు. పెద్ద ప్రభువైన ఎర్ల్ అయితే నాటి ద్రవ్యమానంలో 20 మార్కులు, అంతకంటే చిన్న ప్రభువైన బారన్ అయితే 10, భూమి ఉన్న వీరుడు 4, లేనివాడు 2 చెల్లించాలి.

ఇంత కలగలుపులో, ముఖం కప్పిన ఇనుప టోపీల వెనుక ఎవరున్నారో తెలియడం ఎలా? డాళ్ల మీద, అంగీల మీద వంశ చిహ్నాలు వేసుకునే ఆచారం 12వ శతాబ్దంలోనే వ్యాపించడానికి ఈ పోటీలతో సంబంధం ఉందని చరిత్రకారులు భావిస్తారు. పేరును చెరిపివేసే పోరు, పేరును చాటే చిహ్నానికి అవసరం కల్పించింది.

నిజమైన యుద్ధాలలో ‘మెలే’కు చెప్పుకోదగిన ఉదాహరణలు ఉన్నాయా?

ప్రతి పాత యుద్ధంలోనూ వరుసలు చెదిరిన క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో మనిషికి ఎదురయ్యే ప్రశ్నను బాగా చూపేది 1471 ఏప్రిల్ 14న లండన్‌కు ఉత్తరాన బార్నెట్ దగ్గర జరిగిన యుద్ధం. దట్టమైన పొగమంచులో రాజు నాలుగో ఎడ్వర్డ్ సేనా, అతణ్ణి ఎదిరించిన వార్విక్ ఎర్ల్ సేనా సరిగా ఎదురెదురుగా నిలవలేదు. వార్విక్ పక్షాన ఉన్న ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ దళం తన ముందున్న శత్రువులను తరిమివేసి, తిరిగి రణస్థలానికి వచ్చేసరికి సేనల వరుసలే దిక్కు మారి ఉన్నాయి. అతని సైనికుల దుస్తుల మీది కిరణాల నక్షత్రాన్ని, మంచులో వారి మిత్రులే రాజు నాలుగో ఎడ్వర్డ్ సూర్యచిహ్నమనుకుని బాణాలు కురిపించారు. ద్రోహం, ద్రోహం అనే కేకలు లేచి ఆ పక్షం కకావికలైంది, దాని నాయకుడు వార్విక్ ఎర్ల్ ప్రాణాలు కోల్పోయాడు. ఎవరు ఎవరో తెలియకపోవడమనే ఒక్క కారణం ఇంగ్లండ్ సింహాసనపు తగవును మలుపు తిప్పింది.

దీనికి భిన్నంగా, కలగలుపును కోరి తెచ్చుకున్న సేనాని కూడా ఉన్నాడు. 18వ శతాబ్దపు సముద్ర యుద్ధాలలో ఓడలు ఒకదాని వెనుక ఒకటిగా బారులు తీరి, శత్రువు బారుకు సమాంతరంగా సాగుతూ ఫిరంగులు పేల్చడం ఆనవాయితీ. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ తన 27 యుద్ధనౌకలను రెండు వరుసలుగా నడిపి, ఫ్రెంచి, స్పానిష్ కూటమికి చెందిన 33 నౌకల బారును అడ్డంగా ఛేదించాడు. తన నావికులు ఫిరంగులు నింపి పేల్చడంలో ఎదుటివారికంటే వేగవంతులని, ఓడ ఓడకు తగిలే పోరులో ఆ వేగమే గెలిపిస్తుందని ఆయన నమ్మాడు. ఆ ఉపాయాన్ని కొంతకాలం ముందు ఒక సహచర కెప్టెన్‌కు వివరిస్తూ, తనకు కావలసింది ‘పెల్‌మెల్’ యుద్ధమేనని చెప్పాడు. అది ‘మెలే’కు తోబుట్టువైన మాటేనని పైన చూశాము. ఆ రోజు నెల్సన్ మరణించాడు, ఉపాయం మాత్రం నెగ్గింది.

బ్రాల్, అఫ్రే, స్కర్మిష్, ఫ్రాకా, డానీబ్రూక్ అనే మాటలతో దీనికి తేడా ఏమిటి?

‘బ్రాల్’ అంటే అరుపులతో కూడిన రచ్చకెక్కిన కొట్లాట. దానికి ఇద్దరు చాలు. ఇద్దరి కొట్లాటను ‘మెలే’ అనడం సరికాదు, ఎందుకంటే ఇద్దరిలో ఎవరు ఎవరో తెలియకపోవడం ఉండదు.

‘అఫ్రే’ పాత ఫ్రెంచిలో భయపెట్టడం అనే అర్థం గల క్రియ నుంచి వచ్చింది, ఆ క్రియలో జర్మానిక్ భాషలకు చెందిన ‘శాంతి’ అనే పదం దాగి ఉంది. శాంతి నుంచి వెలికి లాగడం దాని అసలు భావం. భయపడిన అనే అర్థం గల ‘అఫ్రైడ్’ దాని సోదరే, ‘ఫ్రే’ దాని కురచ రూపం. ఇంగ్లండ్‌లో 1986 నాటి ప్రజాశాంతి చట్టం ప్రకారం ‘అఫ్రే’ నేరం రుజువు కావాలంటే, ఆ చర్య అక్కడ ఉండగల నిబ్బరమైన మనిషికి కూడా తన భద్రత గురించి భయం కలిగించేదై ఉండాలి. పదం పుట్టుకలోని భయం ఏడు వందల ఏళ్ల తరువాత కూడా చట్టపు నిర్వచనంలో నిలిచి ఉండటం ఆశ్చర్యం కలిగిస్తుంది. ‘మెలే’కు మాత్రం చట్టంలో ఇటువంటి నిర్వచనం లేదు.

‘స్కర్మిష్’ అంటే ప్రధాన సేనలు కలవకముందు చిన్న దళాల మధ్య జరిగే ఘర్షణ. అది పలుచని, చెదురుమదురు పోరు, ‘మెలే’ చిక్కని పోరు. ‘ఫ్రాకా’ పగలగొట్టడం అనే అర్థం గల ఇటాలియన్ మాట నుంచి ఫ్రెంచి ద్వారా వచ్చింది, అందులో చప్పుడుకే ప్రాధాన్యం.

‘డానీబ్రూక్’ ఒక ఊరి పేరు. ఐర్లండ్‌లో నేడు డబ్లిన్ నగరంలో కలిసిపోయిన ఆ ప్రాంతంలో సంత జరుపుకోవడానికి రాజు జాన్ 1204లో అనుమతి పత్రం ఇచ్చాడు. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ సంత తాగుడుకూ కొట్లాటలకూ ఎంత పేరు పొందిందంటే, 1855లో దాన్ని నిలిపివేసే నాటికే ఊరి పేరు ఆంగ్లంలో సామూహిక కొట్లాటకు సామాన్య నామంగా మారుతోంది. అర్థంలో ‘మెలే’కు అతి దగ్గరి మాట ఇదే, అయితే ఇందులో ఒక ఊరి జనాన్ని తక్కువ చేసే ధ్వని ఉన్నందువల్ల గంభీరమైన రచనలో ‘మెలే’యే మేలు.

నేటి ఫ్రెంచిలో ఈ పదం ఏ అర్థంలో ఉంది?

పోరు అనే పాత అర్థం నిలిచే ఉంది. దానికి తోడు రగ్బీ ఆటలో ఆంగ్లంలో ‘స్క్రమ్’ అనేదాన్ని ఫ్రెంచిలో ‘మెలే’ అంటారు. ఒక్కొక్క జట్టు నుంచి ఎనిమిది మంది చొప్పున మూడు వరుసలుగా భుజాలు బిగించి, తలలు ఎదుటివారి తలల సందుల్లో ఇరికించి నెట్టుకునే ఈ ఘట్టం ఆట మొత్తంలో కట్టుదిట్టమైన నియమాలు గలది. రెండు పక్షాల దేహాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి గనుక ఆ పేరు సార్థకమే.

ఫ్రెంచిలో ‘మెలే’కు పైన నిలవడం అనే నుడికారం కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన తొలి నెలల్లో, 1914 సెప్టెంబరులో, ఫ్రెంచి రచయిత రోమా రోలా ఆ పేరుతో ఒక వ్యాసం ప్రకటించి, ఉభయపక్షాల మేధావులూ ద్వేషాన్ని రెచ్చగొట్టడం మానాలని కోరాడు. సొంత దేశంలో ఆయనను దేశద్రోహిగా దూషించినవారు ఎందరో. ఆ మాటకు ఉన్న గౌరవం మాత్రం చెక్కుచెదరలేదు. తగవులో ఏ పక్షంలోనూ కలిసిపోకుండా, చూపు చెదరకుండా ఉండటాన్ని నేటికీ ఫ్రెంచివారు ఆ మాటలతోనే చెబుతారు.

వీడియో గేములలో ‘మెలే వెపన్’, ‘మెలే అటాక్’ అంటారు. అక్కడ ఒక్కడే ఒక్కడితో పోరాడుతున్నా ఆ మాట ఎందుకు?

బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడలలో దూరం నుంచి కాల్చే ఘట్టానికీ, సైనికులు ఒకరినొకరు తాకే ఘట్టానికీ వేర్వేరు నియమాలు ఉండేవి. రెండోదాన్ని ‘మెలే’ అనేవారు. 1970ల నుంచి వ్యాపించిన పాత్రధారణ క్రీడలు ఆ మాటను తీసుకున్నాయి, వాటి నుంచి అది కంప్యూటర్ ఆటలకు చేరింది. అక్కడ దానికి మిగిలిన అర్థం ‘చేతికందే దూరంలో’ అని మాత్రమే. కత్తి, గొడ్డలి, గద మెలే ఆయుధాలు, విల్లు, తుపాకి దూరపు ఆయుధాలు.

ఈ వాడుకను తప్పనడం నాకు సమ్మతం కాదు. ఆటలో అది స్పష్టమైన పారిభాషిక పదం, లక్షలాది మంది దాన్ని ఒకే అర్థంలో వాడుతున్నారు. కాకపోతే ఈ ఆటల ద్వారా మాత్రమే పదాన్ని నేర్చుకున్నవారు, వార్తలోనో చరిత్ర పుస్తకంలోనో ‘మెలే’ కనిపించినప్పుడు ‘దగ్గరి పోరు’ అని మాత్రమే అర్థం చేసుకుంటే, అక్కడ రచయిత చెప్పదలచిన గందరగోళం జారిపోతుంది.

వజ్రాల వ్యాపారంలో ‘మెలీ’ అంటే?

సుమారు 0.2 కారట్‌కు, అంటే 0.04 గ్రాముకు మించని చిన్న రాళ్లు. పెద్ద రాయి చుట్టూ పొదగడానికి వాడే వీటిని ఒక్కొక్కటిగా కాక పొట్లాలుగా కలిపి అమ్ముతారు. వ్యాపార పదంలో పోరు పూర్తిగా తొలగి, లాటిన్ నాటి ‘కలగలుపు’ ఒక్కటే మిగిలింది.

తెలుగులోకి అనువదించేటప్పుడు ఏ మాట వాడాలి?

సందర్భాన్ని బట్టి మాట మారాలి. పాత యుద్ధ వర్ణనలో ‘సంకుల సమరం’ చక్కగా సరిపోతుంది. ‘సంకులం’ అంటే కిక్కిరిసినది, కలగలిసినది అనే అర్థం ఉన్నందువల్ల ఈ జంట పదం ‘మెలే’ భావాన్ని దాదాపు పూర్తిగా మోస్తుంది. ‘తుములం’ కూడా ఉంది గానీ అది కోలాహలానికి, చప్పుడుకు ఎక్కువ దగ్గర. వీధిలోనో సభలోనో చెలరేగిన సామూహిక కొట్లాటకు ‘దొమ్మి’ అచ్చమైన తెలుగు మాట. అయితే పోలీసు, న్యాయస్థాన వ్యవహారాలలో ‘దొమ్మీ’ ఒక నేరానికి పేరుగా స్థిరపడింది గనుక, చట్టంతో పని లేని చోట దాన్ని కొంచెం ఆచితూచి వాడాలి. ‘ముష్టాముష్టి’, ‘బాహాబాహి’ అనేవి పిడికిళ్లతోనో చేతులతోనో పరస్పరం చేసే పోరును చెబుతాయి. అవి పోరు సాధనాన్ని చెబుతాయే తప్ప పక్షాలు చెదిరిపోవడాన్ని చెప్పవు. ‘తోపులాట’లో నెట్టుకోవడం ఉంది, కొట్టుకోవడం ఉండనవసరం లేదు, కాబట్టి జనం ఎగబడటాన్ని చెప్పే అలంకారిక వాడుకకు అది తగినది.

వీడియో గేములలో ‘మెలే ఆయుధం’ అన్నదాన్ని ‘చేతిపోరు ఆయుధం’ అనడం సరిపోతుంది, అక్కడ ‘సంకుల’ శబ్దాన్ని తెస్తే అర్థం చెడుతుంది. ఇక సాధారణ వచనంలో, ఎవరు ఎవరో తెలియకుండా జనం కొట్టుకున్నారని చెప్పవలసి వచ్చినప్పుడు, నామవాచకం కోసం వెతకడం మాని క్రియనే వాడటం మంచిది. ‘అక్కడ ఒక మెలే జరిగింది’ అనే ఆంగ్ల వాక్యానికి ‘అందరూ ఒకరి మీద ఒకరు పడి కలబడ్డారు’ అన్నది నా దృష్టిలో సరైన తెలుగు.